అద్దానికి వీపు తిప్పిన కుర్చీ

పొద్దున్నే మాదన్నపేట కూరగాయల మార్కెట్‌కు వెళ్లాను. ఎండలు ముదిరాయి కదా, గేటు పక్కన ఒకతను వట్టివేళ్ల కట్టలు పేర్చుకుని కూర్చుని వాటి మీద చెంబుతో నీళ్లు చల్లుతున్నాడు. కూలర్లకు వేసుకునేవాళ్లు బేరమాడుతున్నారు. ఆ తడి వేళ్ల వాసన ముక్కుకు తగలగానే నా చేయి దానంతటదే కుడిచెవి వెనక్కి పోయింది. బెండకాయలు తూస్తున్న ఆమె నన్ను చూసి, "ఏమైందన్నా, దోమ కుట్టిందా?" అని అడిగింది. "లేదమ్మా, ఒక మనిషి యాదికొచ్చిండు" అన్నాను. ఆమె నవ్వి రెండు బెండకాయలు ఎక్కువ వేసింది. యాదగిరి కాక పేరు చెప్పి ఉంటే నాలుగు వేసేదేమో. ఆ మార్కెట్లో ఆయన ముందు తల వంచని మగవాడు లేడు మరి.

యాదగిరి కాక మా బస్తీ మంగలి. కాక అంటే చుట్టరికం కాదు. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే మా నాన్న ఆయన్ని "తమ్మీ" అని పిలిచేవాడు కాబట్టి నాకు కాక అయ్యాడు. మార్కెట్ వెనక సందులో ఆయన కటింగ్ షాపు. తిరిగే కుర్చీ ఒకటి, బెంచీ ఒకటి, గోడంత అద్దం, ఓ మూల మట్టికుండ. ఆ కుండలో వట్టివేళ్లు ఎప్పుడూ నానుతూ ఉండేవి. గుమ్మం బయట పాత రంగు డబ్బాల్లో కలబంద పెంచేవాడు. గడ్డం గీశాక మండే నీళ్లేవో చెంపల మీద చరిచి పంపడం ఆయన పద్ధతి కాదు. కొత్త మనిషి వస్తే తన కలబంద గుజ్జును చెవి వెనక చుక్కంత రాసి, "గడ్డం గీసిన, పో. ఇది మొహానికి మాత్రం రేపు రాస్త. ఇయ్యాల నీ చెవి ఏమంటదో చూద్దాం" అనేవాడు. "చెవి ఏమంటది కాకా, చెవి ఇంటది" అని ఎగతాళి చేసినవాళ్లు కూడా మర్నాడు వచ్చి చెవి చూపించుకునేవాళ్లు. ఈ చాదస్తం పడలేక ఏసీ సెలూన్లకు పోయినవాళ్లూ ఉన్నారు. ఆయనకు ఫికర్ లేదు. "గడ్డం అందరికి ఒక్క తీర్గనే వస్తది. తోలు మాత్రం ఎవనిది వానిదే" అని కత్తెర ఆడించేవాడు. ఈ విద్య ఆయనకు తల్లి నుంచి వచ్చింది. ఆమె బస్తీలో పసిపిల్లలకు స్నానాలు చేయిస్తూ, సెగగడ్డలకు ఆకుపసర్లు కడుతూ బతికిన మనిషి.

నాకు ఇరవయ్యో ఏడు వచ్చేసరికి మొహం నిండా మొటిమలు. ఒకటీ అరా అయితే వయసు అనుకుని ఊరుకునేవాణ్ణి. నుదురు, చెంపలు, గడ్డం, ఎక్కడా ఖాళీ లేదు. దానికి తోడు నా చర్మానికి మహా కోపం. సబ్బు మారిస్తే ఎర్రబడేది, తువాలుతో గట్టిగా తుడిస్తే దద్దుర్లు లేచేవి. దోస్తులు నాకు "వానాకాలం రోడ్డు" అని పేరు పెట్టారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి. ఎవరైనా మాట్లాడిస్తే వాళ్ల చెప్పులకు జవాబు చెప్పడం అలవాటైంది.

ఆ సంవత్సరమే సంతోష్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాను. ఇది నేను కోరి కుదిరిన పని. మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. చిన్నప్పటినుంచీ గుడ్డపీలికల మధ్య పెరిగినవాణ్ణి, కళ్లు మూసుకుని ముట్టుకున్నా ఏ బట్టో చెప్పగలను. పరుపు మీద కూర్చుని ఒక్క విసురుతో చీర పరచి, కొంగు చేతి మీద వేసి చూపించే సేల్స్‌మన్లను చూస్తే నాకు సినిమా హీరోలను చూసినట్టు ఉండేది. మొదటి వారం సేటు నాతో ఒక చీర పరపించి చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, వ్యాపారస్తుడు.

"చీర మంచిగ పరుస్తవ్ రా శీనూ. చెయ్యి సాఫ్ ఉన్నది. కానీ మొహం... లేడీస్ వస్తరు గదా" అన్నాడు. "దసరా దాక టైమ్ ఉన్నది. మొహం మంచిగ జేస్కో, సీజన్ల కౌంటర్ మీద కూసుండవెడ్త. లేకుంటే గోదాంల పనే. బురా మత్ మాన్, ఏమనుకోకు."

దసరా అప్పటికి నెలన్నర దూరం. గోదాం అంటే మూడో అంతస్తులో కిటికీ లేని గది. మూటలు విప్పడం, చీటీలు అంటించడం, కిందికి పంపడం. రోజంతా చీరలే, కట్టుకునే మనిషి మాత్రం ఒక్కరూ కనిపించరు. ఈ సీజన్‌లో కింద కూర్చోలేకపోతే ఇక ఆ గదిలోనే ముసలివాణ్ణి అవుతానని నాకు భయం పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే కాక షాపు ముందు నిలబడి సంగతంతా చెప్పాను.

కాక నన్ను గుమ్మంలో వెలుతురుకు నిలబెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పటిదాక ఏమేం పెట్టినవ్?" అన్నాడు. నేను చెప్పాను. టూత్‌పేస్టు. నిమ్మరసం. దోస్తు ఇచ్చిన తెల్ల క్రీము. ఫోన్‌లో ఎవరో చెప్తే శనగపిండిలో వంటసోడా.

"నీది మొహమా, కిరాణ దుకాణమా?" అన్నాడు కాక. బెంచీ మీద పేపరు చదువుతున్న ముసలాయన పేపరు చాటున నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. కాక అది చూశాడు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్క తిప్పు తిప్పి, నా వీపును అద్దానికి పెట్టాడు.

"అద్దం జూసుడు నా పని. నువ్వు గా క్యాలెండర్ జూడు. ఇంట్ల గూడ అద్దం బంద్. మొహానికి చెయ్యి బంద్. ఒప్పుకుంటే కూసో, లేకుంటే పో."

కూర్చున్నాను. నా ఎదురుగా గోడకు పాలకేంద్రం వాళ్ల క్యాలెండర్, దాని మీద నిండుగా నవ్వుతున్నట్టున్న ఒక ముర్రా గేదె. రోజు విడిచి రోజు పొద్దున పది నిమిషాల చొప్పున ఆ గేదెను చూస్తూ కూర్చున్నాను. ఆ నెలలో ఏకాదశులు, పున్నమి, అమావాస్య అన్నీ నాకు కంఠతా వచ్చాయి.

కాక మందులో రహస్యమేమీ లేదు, ఓపిక ఉంది. ముందురోజే కలబంద ఆకు కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా స్టీలు గ్లాసులో నిలబెట్టేవాడు. ఆకు నుంచి పసుపుపచ్చ రసం మెల్లగా కారి గ్లాసు అడుగున చేరేది. "గిది మొహానికి శత్రువు. నీ అసొంటి నాజూకు తోలుకు మరీ" అని దాన్ని పారబోసేవాడు. ఆకు చెక్కు తీసి, లోపలి గుజ్జును మూడుసార్లు కడిగి, సాన మీద తీసిన గంధం చిటికెడు కలిపేవాడు. మొదటిరోజు చెవి వెనకే రాశాడు. మర్నాడు, "మండిందా?" అన్నాడు. లేదన్నాను. "దురద?" లేదన్నాను. "నువ్వు కౌంటర్ కోసం అబద్ధం జెప్తవ్, నీ చెవిని చూడనియ్" అని వంగి చూసి, తృప్తి పడ్డాకే చెంపలకు రాశాడు. ఆ చల్లదనం నాకింకా గుర్తుంది. నెలల తరబడి సలపరించిన మొహం మొదటిసారి ఊరుకుంది. పది నిమిషాలయ్యాక వట్టివేళ్ల నీళ్లతో కడిగి, వాళ్లావిడ పాత నూలు చీర ముక్కతో అద్దేవాడు. తుడవడం లేదు, అద్దడమే.

ఇంట్లో అద్దం బంద్ అనగానే మా అమ్మ అక్షరాలా అమలు చేసింది. బీరువా అద్దానికి తువాలు కట్టింది, గోడ అద్దాన్ని తిప్పి పెట్టింది. పాపం మా నాన్న డ్యూటీకి వెళ్లేముందు స్టీలు పళ్లెంలో చూసుకుని తల దువ్వుకునేవాడు. "వీని మొహమేమో గానీ, నా పాపిడి వంకరైంది" అని రోజూ గొణిగేవాడు.

నెల గడిచింది. మంట పోయింది. కొత్తవి పుట్టడం తగ్గింది. దసరాకు ఇంకా పన్నెండు రోజులు. ఒకనాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తువాలు ఎత్తి చూసుకున్నాను. చూడకుండా ఉండాల్సింది. మునుపటి కన్నా ఎంతో నయమే, కానీ నా కంటికి ఆ నయం కనిపించలేదు, మిగిలినవే కనిపించాయి. ఈ లెక్కన దసరాకు పోవు, సంక్రాంతికి కూడా పోవనిపించింది. రోజు విడిచి రోజు పది నిమిషాలకే ఇంత తగ్గితే, రోజంతా పెడితే ఎంత తగ్గాలి అని నా బుర్ర లెక్క కట్టింది. కాక అన్నానికి ఇంటికి వెళ్లిన వేళ చూసి, గుమ్మం బయటి డబ్బాలో మూడు ఆకులు విరుచుకొచ్చాను. గ్లాసు లేదు, కారనివ్వడం లేదు, కడగడం లేదు, విరిచిన ఆకును విరిచినట్టే మొహానికి రుద్దాను. గడ్డం గీశాక కొందరు మంగళ్లు పటిక రాస్తారు కదా, అదీ మంచిదే అయి ఉంటుందని పటికరాయి కొని పైనుంచి దాన్నీ రుద్దాను. మంట మొదలైతే మందు పనిచేస్తోందని సంతోషపడ్డాను. సాయంత్రం దాకా అలాగే ఉంచుకున్నాను. తెలివైన పని అంటే అదీ.

మా అమ్మ వచ్చి చూసి పెట్టిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. మొహం పొంగి, ఎర్రగా, కళ్ల కింద సంచులు కట్టి ఉంది. దస్తీ అడ్డం పెట్టుకుని కాక దగ్గరికి పోయాను. ఆయన షాపు ముందు డబ్బాలకు నీళ్లు పోస్తున్నాడు.

"మూడాకులు తక్కువున్నయ్. మేక తిన్నదనుకున్న" అన్నాడు నావైపు చూడకుండానే.

"మేకను నేనే కాకా" అని దస్తీ తీశాను.

కాక చెంబు కింద పెట్టేశాడు. తిడతాడనుకున్నాను. "పసుపు రసం కార్చినవా?" అని మాత్రం అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. కుర్చీలో వెనక్కి వాల్చి, చల్లటి నీళ్లతో చాలాసేపు కడిగాడు. ఆయన వేళ్లు ఎంత తేలిగ్గా పడ్డాయంటే, నన్ను ముట్టుకుంటున్నది నీళ్లో చేయో తెలియలేదు. "ఇగ మందు బంద్. ఏం రాయకు. నాది గూడ రాయకు. ఉత్త నీళ్లు, గంతే. నాలుగు దినాల్ల వాపు దిగకుంటే దవాఖానకు తోల్కపోత. అది నా పని గాదు, డాక్టర్ పని."

"నాలుగు దినాలంటే ఎట్ల కాకా? సీజన్ మొదలైతది. కౌంటర్ పోతది. నేను గోదాంలనే సస్త" అని ఏడ్చాను. ఇరవై ఏళ్లవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను. కాక చీర ముక్కతో నా మొహం అద్దుతూనే ఉన్నాడు.

వాపు మూడో రోజుకు దిగింది. ఎరుపు ఐదో రోజుకు పోయింది. మొటిమలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, పైగా పొరలు లేచి, చర్మం మచ్చలు మచ్చలుగా తేలింది. సీజన్ మొదలైన రోజు సేటు నా మొహం ఒకసారి చూసి, గడ్డంతో పైకి చూపించాడు. మూడో అంతస్తు ఎక్కాను. కింద జనం చప్పుడు మెట్లమీదుగా వినబడుతుంటే మూటలు విప్పుతూ కూర్చున్నాను. నా బతుకులో అంత చెడ్డ వారం ఇంకొకటి లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కింది నుంచి పిలుపొచ్చింది. "శీనూ, నీ కోసం ఎవరో లొల్లి జేస్తుండ్రు. జల్ది దిగు." దిగి చూస్తే, ఇస్త్రీ తెల్లచొక్కాలో యాదగిరి కాక. పక్కన వాళ్లావిడ భాగ్యమ్మ చిన్నమ్మ. ఆమె వెనకాల ఆమె ముగ్గురు చెల్లెళ్లు. నలుగురూ కొంగులు బొడ్లో దోపుకుని యుద్ధానికి వచ్చినట్టు నిలబడ్డారు.

"గీ పిల్లగాడు చూపిస్తేనే చూస్తం" అంటున్నాడు కాక సేటుతో.

"కాకా, సీనియర్ ఖాళీగనే ఉన్నడు, మంచిగ చూపిస్తడు."

"మాకు జూనియరే గావాలె."

కొట్టంతా ఇటే చూస్తోంది. సేటు నావైపు చూసి, విధిలేక ఒక పరుపు చూపించాడు. కూర్చున్నాను. తల వంచుకునే ఒక చీర తీసి పరిచాను. "ఏందిరా, నేల చూపులు చూస్తున్నవ్? నేలకు కడ్తమా చీర?" అంది భాగ్యమ్మ చిన్నమ్మ. అంచు పెద్దదంది. ఇంకోటి తీశాను. రంగు కారుతుందంది. కారదని చెప్పబోతే రెండో ఆమె కొంగు పలచగా ఉందంది, మూడో ఆమె పువ్వులు మరీ ఎక్కువంది, నాలుగో ఆమె అసలు పువ్వులే లేవంది. తీయడం, పరచడం, మడవడం. నాకు ఊపిరి సలపడం లేదు. ఇంతలో చిన్నమ్మ నెమలికంఠం రంగు చీర ఒకటి భుజాన వేసుకుని, "ఎట్లున్నది? నిజం జెప్పు" అంది. నిజం చెప్పాలంటే చూడాలి కదా. తలెత్తి ఆమె మొహంలోకి చూశాను. ఆ రంగు ఆమెకు ఎంత నిండుగా ఉందో! "గిదే చిన్నమ్మా. మిగతాయి అన్నీ పక్కకు వెట్టు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు గమనించాను. వాళ్లెవరూ నా మొహం చూడడం లేదు. చీరలు చూస్తున్నారు, అద్దం చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. చీరలు అమ్మేవాడి మొహం చీరలు కొనేవాళ్లకు అక్కర్లేదు. వాళ్ల మొహాలే నాకు కావాలి. పక్క పరుపు దగ్గర కూర్చున్న ఒకావిడ మెడ చాచి, "తమ్మీ, గసొంటిది నాకొకటి చూపియ్" అంది. ఆమె వెంట ఇంకొకరు. సాయంత్రానికి నా చుట్టూ చీరలు గుట్టపడి, ఆ గుట్ట వెనక నేనున్నానని చేతులను బట్టే తెలిసేది. కాక మాత్రం సేటు ఇప్పించిన చాయ్ తాగి, స్టూలు మీద కూర్చుని హాయిగా కునుకు తీశాడు. ఆ రోజు గానీ మర్నాడు గానీ సేటు నన్ను పైకి వెళ్లమనలేదు. శభాష్ అనలేదు, సారీ అనలేదు. పైకి వెళ్లమనలేదు, అంతే. నాకు అది చాలు.

ఇదంతా పథకమా అని కాకను ఎన్నిసార్లు అడిగినా, "నీ చిన్నమ్మకు చీర గావాలె, నాకు తెల్సిన దుకాణం గదొక్కటే" అనేవాడు. అసలు సంగతి చిన్నమ్మే బయటపెట్టింది. మాదన్నపేట నుంచి సంతోష్‌నగర్ దాకా ఆటోలో కాక వాళ్లకు పాఠం చెప్పాడట. "ప్రతి చీరకు వంక వెట్టుండ్రి. పిల్లగానికి ఊపిరి సలపనియ్యకుండ్రి. వాడు తన మొహం మర్చిపోవాలె" అని. వంకలు పెట్టడంలో తన ముగ్గురు మరదళ్ల మీద ఆయనకు అపారమైన నమ్మకం. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆయన మీద ప్రేమతో కళ్లు కూడా తడుస్తాయి. ఇంతమందిని ఆటోలో కుక్కి తీసుకొచ్చి ఒకడి తల ఎత్తించే మనుషులు ఎందరుంటారు?

దసరా తర్వాత మళ్లీ చెవి దగ్గర్నుంచి మొదలుపెట్టి, మెల్లగా కలబంద వైద్యం సాగించాడు. కుర్చీ మాత్రం అద్దం వైపు తిప్పలేదు. నేనూ అడగలేదు. కాక పోయి రెండేళ్లయింది. చివరి నెలల్లో చేతులు వణికేవి కాబట్టి కత్తి పట్టడం తనే మానేశాడు. బెంచీ మీద కూర్చుని కుర్రమంగళ్లకు వంకలు పెడుతూ సంతోషంగానే పోయాడు. ఆయన లేడనుకుంటే దిగులే, కానీ ఆ దిగులు ఎక్కువసేపు నిలవదు. ఆయన గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వించేస్తారు.

ఇప్పుడు అదే దుకాణంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది నేను. మొన్న సైదాబాద్ నుంచి రేణుక అనే అమ్మాయి పనికొచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి. చున్నీ ముక్కుదాకా లాక్కుని, "సార్, నన్ను ప్యాకింగ్‌ల వెయ్యుండ్రి" అంది నా చెప్పులతో. చెంపల మీద ఏముందో చున్నీ పైనుంచే తెలిసింది. ద్వారం ఎదురుగా ఉన్న మొదటి పరుపు మీద కూర్చోబెట్టాను. రెండు రోజులు నా మీద చాలా కోపంగా ఉంది. మూడోరోజు గిరాకీ పలచబడ్డప్పుడు దగ్గరికొచ్చి, "సార్, మీకు గూడ మస్తు మొటిమలు ఉండెనంట గదా?" అంది. అన్నీ చెప్పాను. ఆకు, గ్లాసు, పసుపు రసం, మూడుసార్లు కడగడం, ముందు చెవి వెనక. మండితే ఆపెయ్యమని, ఎక్కువైతే తోలు డాక్టర్‌కు చూపించుకొమ్మని. శ్రద్ధగా విని, "ఎన్ని దినాలల్ల పోయినయ్ సార్?" అని అడిగింది.

ఎంత గుర్తు చేసుకున్నా తేలలేదు. "తెల్వదమ్మా" అన్నాను. "దసరా దాక రోజూ లెక్క వెట్టుకున్న. అటెన్క చీరలు చూపియ్యవడితి. ఎప్పుడు పోయినయో చూసుకోలే."

ఆమె ఇంకేదో అడగబోతుండగా, పరుపు దగ్గర కూర్చున్న పెద్దావిడ ఒక చీరను భుజాన వేసుకుని, "బిడ్డా, నాకు గిది ఒప్పుతదా?" అంది. రేణుక గబగబా వెళ్లింది. రెండు చేతులూ చీర సర్దడానికి కావలసివచ్చి చున్నీ వదిలేసింది. తలెత్తి, పెద్దావిడ మొహాన్ని తీరిగ్గా చూసింది.

"రంగు మస్తు ఒప్పింది అమ్మమ్మా. అంచే జర పెద్దగైంది. ఆగు, ఇంకోటి తీస్త" అంది.